పాలు తగ్గించకండి, చదివింపులు తగ్గించండి

ప్రశ్న: అక్కా, మాది ఆకివీడు దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తున్నాం. పోయిన పంటకి వైరస్ వచ్చి మధ్యలోనే పట్టేశాం. ఈ పంట బాగానే పెరిగిందనుకునేసరికి రేటు పడిపోయింది. లీజు, మేత, కరెంటు పోను చేతికేం రాలేదు. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన మూడు లక్షలు అలాగే ఉన్నాయి, నెలనెలా వడ్డీ కట్టడమే గగనంగా ఉంది. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, అత్తగారు, టెన్త్ చదివే బాబు, ఆరో తరగతి పాప. ఖర్చు తగ్గిద్దామని పాలు లీటరు నుంచి అర లీటరు చేశాను, గుడ్లు మానేశాను, అత్తగారి బీపీ బిళ్ళ రోజు విడిచి రోజు వేస్తున్నాం. అయినా కొట్టులో పద్దు పద్దెనిమిది వేలకి చేరింది. ఎదురుగా సంక్రాంతి ఉంది, ఆడపడుచుకి పట్టుచీర పెట్టాలని అత్తగారు అంటున్నారు. ఈ నెలలోనే మూడు శుభకార్యాలు. నా ఆరు కాసుల బంగారం బీరువాలో ఉంది గానీ, పండక్కి అందరూ వస్తే బోసి మెడతో ఎలా తిరగను? మా ఆయనేమో సంగతి బయట తెలియకూడదంటారు, మనిషి బాగా కుంగిపోయారు. ఇంకెక్కడ తగ్గించమంటారు? పాపని ప్రైవేటు స్కూలు మాన్పించి జడ్పీ స్కూల్లో వేసేద్దామా?

సమాధానం: చెల్లీ, మీ ఉత్తరం చదువుతుంటే నాకు మూడు లక్షల అప్పు కన్నా మీ అత్తగారి బీపీ బిళ్ళ దగ్గర ఎక్కువ భయం వేసింది. ముందు దాని సంగతి చూసి తరవాత మిగతావి మాట్లాడుకుందాం. బీపీ మందు రోజు విడిచి రోజు వేస్తే బీపీ ఒక రోజు అణిగి ఒక రోజు లేస్తుంది, పెద్ద వయసులో అది పక్షవాతం దాకా తీసుకెళ్ళగలదు, అప్పుడు భీమవరంలోనో ఏలూరులోనో ఆస్పత్రిలో చేర్చి పెట్టే ఖర్చుతో ఆవిడకి ఏళ్ళ తరబడి మందులు వస్తాయి. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీకి, షుగరుకి బిళ్ళలు ఉచితంగా ఇస్తారు, ఒకసారి ఆవిడని తీసుకెళ్ళి చూపించి పేరు రాయించండి. అక్కడ ఆ మందు లేదన్న రోజున జన ఔషధి కొట్టుకి వెళ్ళి, కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు డాక్టరు చేత రాయించుకుని అడగండి, చాలా మందులు బయట ధరలో సగం కూడా ఉండవు. డాక్టరు చెప్పకుండా మందు తగ్గించడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి.

ఇక మీరడిగినది. ఇంకెక్కడ తగ్గించాలి అన్నారు గానీ ఇప్పటిదాకా తగ్గించినవి వరసగా చూడండి: పాలు, గుడ్లు, మందు. మూడూ మీ గడప దాటి ఎవరికీ కనపడనివే. తగ్గించలేకపోతున్నవి చూడండి: పట్టుచీర, చదివింపులు, మెడలో బంగారం. ఇవన్నీ నలుగురి కంటా పడేవి. మీ ఒక్కరిదే కాదు ఈ పద్ధతి, మన వైపు చేతిలో డబ్బు ఆడనప్పుడల్లా కోత ముందు కంచంలోనే పడుతుంది, అందులోనూ ఆడవాళ్ళ కంచంలో. మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, ఆ అర లీటరు పాలలో పిల్లలకి, ఆయన టీకి, అత్తగారి మజ్జిగకి పోను మీకేం మిగులుతోంది? చివర కూర్చుని పచ్చడి వేసుకుని తినేసి లేచిపోతున్నారని నాకు ఉత్తరంలోనే కనపడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, కలిగిన ఇళ్ళ వాళ్ళని కూడా కలుపుకుని. కష్టకాలంలో ఆ కంచం ఇంకా తేలికైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే. కనపడని చోట పెట్టిన కోత తీసేయండి, కనపడే చోట పెట్టండి.

ఊరికే నీతులు చెప్పడం లేదు, లెక్క అలాగే ఉంది. ఒక కాగితం తీసుకుని నాతో పాటు వేయండి. అర లీటరు పాలు తగ్గిస్తే నెలకి వెయ్యి రూపాయల పైచిలుకు మిగిలింది. రోజుకి రెండు గుడ్లు మానేస్తే నాలుగొందల చిల్లర. కలిపి పదిహేను వందలు అనుకుందాం. మూడు లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి ఆరు వేలు, ఏడాదికి 72 వేలు, నూటికి 24 అన్నమాట. అదే మూడు లక్షలు బంగారం మీద బ్యాంకులోనో సొసైటీలోనో తీసుకుంటే, ఏడాదికి పది శాతం వేసుకున్నా నెలకి రెండు వేల ఐదొందలు. తేడా మూడు వేల ఐదొందలు, నెలనెలా. ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని మిగిల్చిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ తేడాలో పదిహేను వందలు పెట్టి పాలు, గుడ్లు మళ్ళీ తెచ్చుకోండి, మిగతా రెండు వేలు కొట్టు పద్దుకి కట్టండి, తొమ్మిది నెలల్లో పద్దెనిమిది వేలు తీరిపోతాయి.

ఆరు కాసులంటే 48 గ్రాములు. 2025లో మేలిమి బంగారం పది గ్రాములు లక్ష దాటింది, మీ నగలు 22 క్యారెట్లవైనా మూడు లక్షల అప్పుకి బ్యాంకులో సరిపోతాయి. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల్లో, 2026 ఏప్రిల్ 1 నుంచి, రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా, ఐదు లక్షల లోపు అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. అయితే మూడు విషయాలు గట్టిగా పట్టుకోండి. ఆ డబ్బు ఇంటికి రాకూడదు, బ్యాంకు నుంచి నేరుగా అప్పిచ్చినాయన దగ్గరికి వెళ్ళి లెక్క కట్టి ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవాలి. అందులోంచి ఒక్క రూపాయి కూడా చెరువులో కొత్త రొయ్య పిల్ల వేయడానికి పోకూడదు, మీవారు ఎంత నమ్మకంగా చెప్పినా సరే, పాత అప్పు తీర్చడానికి పెట్టిన బంగారం కొత్త పంటలోకి దిగితే రేపు నగా ఉండదు, పంటా ఉండదు. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకుని వడ్డీ మాత్రం తప్పకుండా కట్టండి, గడువు దాటిపోతే వేలం దాకా వెళుతుంది. వచ్చే పంట మీద మీకే నమ్మకం లేకపోతే మాత్రం తాకట్టు కన్నా కొంత అమ్మేసి అప్పు పూర్తిగా తుడిచేసుకోవడం నయం అంటాను, అమ్మడానికి మనసొప్పదని తెలుసు, అయినా అంటాను. ఇది మీ బంగారం కాబట్టి నిర్ణయం మీది, ఆయనా అత్తగారూ మిమ్మల్ని అడగాలి గానీ తీసుకెళ్ళిపోకూడదు. పండక్కి మెడలో సూత్రాలు, నల్లపూసలు ఉంటాయి కదా, అవి చాలు.

మీవారి గురించి. సంగతి బయట తెలియకూడదు అంటున్నారంటే ఆయన దీన్ని తన తప్పు అనుకుంటున్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, రొయ్య మీద అప్పటికే వేరే సుంకాలున్నాయి, మన జిల్లాల నుంచి వెళ్ళే రొయ్యకి ఆ దేశంలోనే అతి పెద్ద గిరాకీ, అక్కడ కొనేవాడు వెనక్కి తగ్గితే ఇక్కడ గట్టు మీద కౌంటు రేటు, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కట్టే ధర, పడిపోతుంది. ఇందులో ఆయన చేసిన పాపం ఏముంది? మన డెల్టాకి ఇలాంటివి కొత్త కూడా కాదు. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి, మళ్ళీ నాటిన మొక్క కాపుకి వచ్చేదాకా ఏళ్ళ తరబడి దింపు డబ్బు లేకుండా కుటుంబాలు బతికాయి. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు తొలకరి పంటే వేయకుండా పంట విరామం ప్రకటించారు. ఆ రోజుల్లో ఎవరూ దాచుకోలేదు, ఎందుకంటే దాచుకోవడానికి లేదు, ఊరంతా ఒకటే స్థితి. ఇప్పుడు కూడా అంతే, మీ చుట్టుపక్కల చెరువులున్న ఇళ్ళన్నీ లోపల ఇదే లెక్క వేసుకుంటున్నాయి, ఎవరికి వాళ్ళు తలుపులేసుకుని. దాచడానికి అయ్యే ఖర్చే మీ ఇంట్లో ఇప్పుడు పెద్ద ఖర్చు. ఆయనతో కూర్చుని ఈ కాగితం చూపించండి, రాత్రి పడుకునే ముందు వద్దు, పొద్దున్న మేత వేసి వచ్చాక చెప్పండి. నిద్ర పట్టకపోవడం, అన్నం ముట్టకపోవడం, బతికి ఏం లాభం లాంటి మాటలు ఉంటే అసలు ఆలస్యం చేయకండి, 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టినది, ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకో సంగతి, సూటిగా చెబుతున్నాను. పండక్కి బరుల దగ్గర కోడిపందెం కాసి పోయినదాంట్లో కొంతైనా రాబట్టుకోవచ్చనే ఆలోచన ఈ పరిస్థితిలో ఉన్న మగవాళ్ళకి వస్తుంది. ఆ మూడు రోజులూ చేతిలో రొక్కం లేకుండా చూసుకోండి.

ఇప్పుడు వంటింటికి వద్దాం, ఎందుకంటే మార్చుకోవలసింది అసలు అక్కడ చాలా ఉంది, కంచం తేలిక చేయకుండానే. ఉద్యోగస్తులకి నెలనెలా జీతం వస్తుంది. మనకి అలా కాదు, వరి డబ్బు ఏడాదికి రెండుసార్లు, కొబ్బరి దింపు రెండు నెలలకోసారి, రొయ్యల పట్టుబడి మూడు నాలుగు నెలలకోసారి. అందుకని మన ఖర్చు కూడా అలాగే అలవాటైంది. పట్టుబడి డబ్బు పడగానే ఫ్రిజ్జో, బండో, ఫంక్షనో, తరవాత మూడు నెలలు పద్దు. మంచి రేటు ఉన్న రోజుల్లో ఇది నడిచిపోయింది. ఇప్పుడు నడవదు. ఇకమీదట పట్టుబడి డబ్బు వచ్చిన రోజునే, మేత డీలరు లెక్కకి కూర్చోకముందే, నాలుగు నెలల వంటింటి డబ్బు పక్కకి తీసి మీ పేరు మీదున్న ఖాతాలో వేయించండి. మేత బాకీ పెద్దదే, కాదనను, ఆయనకి మిగతాది కట్టి గడువు అడగండి. వంటింటి డబ్బు ముందు తీయకపోతే అది ఎప్పటికీ మిగలదు.

కొట్టు పద్దు సంగతి. పద్దు మీద తెచ్చుకునేవాళ్ళు రేటు అడగలేరు, తూకం అడగలేరు, ఆయన ఇచ్చిందే సరుకు. కొట్టాయన దగ్గరికి మీరే వెళ్ళి, "బాబాయ్ గారూ, పాతది నెలకి రెండు వేలు చొప్పున కట్టేస్తాను, ఇవాళ్టి నుంచి కొత్తది రొక్కానికే తీసుకుంటాను" అని చెప్పండి. వాయిదా చెప్పి కట్టేవాళ్ళంటే ఏ కొట్టాయనకైనా గౌరవమే, చెప్పకుండా వేరే కొట్టుకి మారిపోయేవాళ్ళ మీదే కోపం. పప్పులు, నూనె, చింతపండు లాంటి నెలసరి వెచ్చాలు మాత్రం రొక్కం పెట్టి ఒకేసారి భీమవరంలో తెచ్చుకోండి, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు కాబట్టి దారి ఖర్చు కూడా ఉండదు. లూజు నూనె జోలికి పోకండి. నూనె తగ్గించుకోవాలంటే వారానికి వేపుళ్ళు తగ్గించి పులుసులు పెంచండి.

సన్నబియ్యం తింటుంటే స్వర్ణకి మారండి. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన 7029 రకం అది, ఈ డెల్టాలో తరాలు తిన్న బియ్యం, కొంచెం లావు గింజ తప్ప బలంలో ఏ తేడా లేదు. ఇలాంటి చోట దిగినా నష్టం లేదు. పాలు, గుడ్లు, పప్పు దగ్గర దిగితే పిల్లల ఒంట్లోంచి పోతుంది. గుడ్డుకి ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, ఆ ధరకి అంత బలం ఇచ్చేది ఇంకొకటి దొరకడం కష్టం. మీరు చెరువుల మధ్య ఉన్నారు, చిన్న సైజు బొచ్చె, శీలావతి చేపలు గట్టు మీద దొరికేటప్పుడు తెచ్చుకోండి, ఎండు రొయ్యలు డబ్బాలో ఉంటే వంకాయలోనో తోటకూరలోనో గుప్పెడు వేసినా కూర నిలబడుతుంది. రేటు లేదని బాధపడుతున్న రొయ్యని మీ ఇంట్లో పిల్లలు ఎన్నాళ్ళయింది తిని? పట్టుబడి రోజున రెండు కేజీలు ఇంటికి తీసుకురమ్మనండి. పెరట్లో కాస్త చోటుంటే బచ్చలి, గోంగూర, ఒక మునగ చెట్టు, ఇవి చెప్పక్కర్లేదు మీకు.

పిల్లలకి పది రూపాయల ప్యాకెట్లు కొనిస్తున్నారా? గుడ్లు మానేసిన ఇళ్ళలో చిప్స్ ప్యాకెట్లు మానడం నేను చాలా అరుదుగా చూశాను, పిల్లాడు ఏడిస్తే పదే కదా అని ఇచ్చేస్తాం. ఇద్దరికీ రోజుకొకటి అంటే నెలకి ఆరొందలు, మీరు మానేసిన గుడ్ల కన్నా ఎక్కువ. 2023–24లో కేంద్రం చేసిన ఇంటి ఖర్చుల సర్వేలో పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున ₹4,122 అని, అందులో 47 శాతం దాకా తిండికే పోతోందని తేలింది, ఆ తిండి ఖర్చులో కూడా అన్నిటికన్నా పెద్ద పద్దు టీలు, కూల్‌డ్రింకులు, చిరుతిళ్ళు, బయట వండినవి. అంటే ఇంట్లో పొయ్యి మీద ఉడికేది కాదు, బయట చేతిలోకి వచ్చేది. మీవారు రోజూ ఏజెంట్ల చుట్టూ భీమవరం తిరుగుతూ అక్కడే టిఫిను, టీలు, సిగరెట్లు అయితే ఆ లెక్క కూడా కాగితం మీద పడాలి, ఎందుకంటే ఆడవాళ్ళ ఖర్చు ఇంట్లో చీటీలో కనపడుతుంది, మగవాళ్ళ ఖర్చు జేబులోంచి జేబులోనే పోతుంది. నిలదీసినట్టు అడగకండి. మీ చీటీ మీరు పెట్టండి, ఆయనది ఆయన్ని రాయమనండి. వారం చాలు. తాగుడు అలవాటు ఉంటే మొట్టమొదటి కోత అక్కడే, దాని మీద మొహమాటం అక్కర్లేదు. సబ్బులు, పేస్టు, షాంపూ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధరకే అమ్ముతున్నారేమో చూసుకోండి. మూడు ఫోన్లకీ పెద్ద రీఛార్జులు అక్కర్లేదు. అంతే, ఇలాంటి చిల్లర వాటి మీద ఇంతకన్నా బుర్ర పాడుచేసుకోవద్దు.

చదివింపుల పుస్తకం తీయండి. ప్రతి ఇంట్లో ఉంటుంది, మీ పెళ్ళికో, గృహప్రవేశానికో, బాబు పంచెల ఫంక్షనుకో ఎవరెంత చదివించారో రాసిన పుస్తకం. ఈ నెలలో ఉన్న మూడు ఫంక్షన్ల వాళ్ళ పేర్లు అందులో వెతకండి. మీకు వెయ్యి నూట పదహార్లు చదివించినవాళ్ళది ఒకరకంగా బాకీ, అది తీర్చాలి, కానీ ఈ నెలే తీర్చాలని ఎక్కడా లేదు. వాళ్ళకి ఇప్పుడు ఐదొందల పదహార్లు చదివించండి, వాళ్ళింట్లో తరవాతి శుభకార్యానికి మిగతాది కలుపుదురుగాని. పుస్తకంలో లేనివాళ్ళకి నూట పదహార్లు చాలు. వెళ్ళడం మాత్రం మానకండి. ముందు రోజు వెళ్ళి కూరగాయలు తరగడానికో, పసుపు కుంకాలు సర్దడానికో కూర్చున్న మనిషిని ఎవరూ కవరుని బట్టి తూచరు, తూచేవాళ్ళుంటే ఆ ఇంటికి మీరు బాకీ పడకపోవడమే మంచిది.

ఆడపడుచు పట్టుచీర విషయంలో అత్తగారితో వాదించకండి, ఆవిడకి కూతురి ముందు తల వంచుకోవాల్సి వస్తుందన్న బాధ ఉంది. మీరే నేరుగా ఆడపడుచుకి ఫోను చేయండి. "వదినా, ఈ ఏడు చెరువు దెబ్బతీసింది, అత్తయ్యగారు నీకు పట్టుచీర పెట్టాలని ఆశపడుతున్నారు, నేను కాటన్ చీరే పెట్టగలను, పండక్కి మాత్రం రావాలి, నువ్వు రాకపోతే ఆవిడ తట్టుకోలేరు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పుట్టింటి పరిస్థితి తెలిస్తే చాలామంది ఆడపడుచులు అమ్మకి తామే సర్దిచెబుతారు, తెలియనప్పుడే చీర గురించి పట్టుబట్టేది. అరిసెలు, సున్నుండలు ఇంట్లోనే చేయండి, బయట స్వీట్ల ప్యాకెట్లు ఈసారి వద్దు.

చివరగా పిల్లల చదువు. బాబు టెన్త్‌లో ఉన్నాడు, పరీక్షకి పేరు కూడా ఈ స్కూలు నుంచే వెళుతుంది, వాడిని ఇప్పుడు కదపకండి. ఫీజు బాకీ ఉంటే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి వాయిదాలు అడగండి, హాల్ టికెట్ల ముందు రోజు వరకూ ఆగొద్దు. పాపని వచ్చే జూన్‌లో జడ్పీ హైస్కూల్లో వేయడం నాకు మంచి ఆలోచనే అనిపిస్తోంది. నలుగురూ ఏమనుకుంటారోనని వెనకాడేది ఇక్కడే, నిజానికి పాపకి పోయేది తక్కువ. పుస్తకాలు, యూనిఫాం ఉచితం, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. ఆ పథకానికి పెట్టిన పేరు కూడా ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిదే. కాకపోతే ముందే మీరు స్వయంగా వెళ్ళి చూడండి, లెక్కలకి, సైన్సుకి, ఇంగ్లీషుకి టీచర్లు ఉన్నారా, ఆడపిల్లల మరుగుదొడ్లు వాడే స్థితిలో ఉన్నాయా, ఆ స్కూల్లో చదివే పిల్లల తల్లులు ఏమంటున్నారు. బాగుందనిపిస్తే పాపకి వేసవి సెలవుల్లోనే చెప్పండి, ఎందుకు మారుస్తున్నారో దాచకుండా. ఆరో తరగతి పిల్లకి అర్థమవుతుంది. బాగాలేదనిపిస్తే ఈ ప్రైవేటు స్కూల్లోనే వ్యాను మాన్పించి, మిగిలే డబ్బుతో ఫీజు కట్టే దారి ఉందేమో చూడండి, దూరం ఎంతో నాకు తెలియదు గానీ సైకిలు మీద వెళ్ళగలిగేంత అయితే బాబు పాత సైకిలు బాగు చేయిస్తే సరిపోతుంది. బ్యాంకు పని అయ్యాక ఒకసారి రాయండి, అత్తగారి బీపీ ఎంత ఉందో కూడా.